గద్దెకూ కుర్చీకీ నడుమ మా బాపు

కాలు విరిగిన మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్ళు బ్రెడ్డు ఎందుకు తెస్తారో నాకు ఈ జన్మలో అర్థమయ్యేలా లేదు. విరిగింది ఎముక. పళ్ళు కాదు. అయినా సరే, హన్మకొండ నుంచి కాజీపేట దాకా ఉన్న మా చుట్టాలకు మంచం మీద మనిషి అనగానే బ్రెడ్డు, బ్రెడ్డు అనగానే మా ఇల్లు గుర్తొస్తాయి. మా అమ్మ లక్ష్మీనర్సమ్మ దాన్ని ఉప్మా చేసింది, పాలల్లో నానేసింది, బజ్జీలు వేసింది. మొన్న పచ్చిపులుసులో వేసి చూసింది. దాని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడుకోవడం లేదు.

ఈ పొద్దున కూడా ఒక ముక్క చేతిలో పట్టుకుని, తినడమా, కిటికీలోంచి విసిరేయడమా అని ఆలోచిస్తుండగా హాల్లోంచి అమ్మ పిలిచింది.

"ఒరేయ్ యాదగిరీ, జల్ది రా. మీ బాపు కిందున్నడు."

ముక్కను జేబులో పెట్టుకుని పరుగెత్తాను.

బాపు నిజంగానే కిందున్నాడు. పడలేదు. కూర్చున్నాడు. హాలు మధ్యలో, షాబాదు బండల మీద, బాసింపట్టు వేసుకుని, దగ్గర్లో చేతికర్ర కూడా లేకుండా, దుకాణంలో గద్దె మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు.

"ఎట్ల కూసున్నవ్ బాపూ?"

"కూసునుడు నాకు చిన్నప్పటి సంది వచ్చు," అన్నాడు బాపు. "నడుమ మర్చిపోయిన. ఇయ్యాల యాదికొచ్చింది."

"మరి లేసుడో?"

"అది ఇంక యాదికి రాలే."

అమ్మ వంగి ఆయన చంకల కింద చేతులు పెట్టబోయింది. వంటింటి పర్దా వెనక నుంచి విజిల్ మోగింది. పొడుగ్గా. పొడుగు విజిల్ అంటే ఆగమని అర్థం. అమ్మ ఆగింది, కానీ ఆగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఆ పీక ఊదుడు బందుజెయ్యమను నీ పెండ్లాన్ని. మనిషి కింద పడున్నడు."

"పడలే. కూసున్న," అన్నాడు బాపు. "ఎవలు ముట్టకుండ్రి. ముట్టుకుంటే లెక్కల రాదు."

ఆ లెక్క ఏమిటో వారం వారం మా ఇంటి సంగతులు చదివే మీకు తెలుసు. ఈ వారమే కొత్తగా మా ఇంట్లో అడుగుపెట్టిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ కోసం గబగబా చెప్తాను. బాపు ఎలాగూ కదిలేలా లేడు కాబట్టి మనకు టైముంది.

మా బాపు వెంకట్రాజంకు వరంగల్ చౌరస్తా దగ్గర నూలు దుకాణం. దుకాణంలో ఒక గద్దె. గద్దె అంటే అరుగంత ఎత్తు, దాని మీద పరుపు, తెల్లటి దుప్పటి, ఆనుకోవడానికి గుండ్రటి బాలీసు, పక్కన గల్లాపెట్టె. పరుపు మీద బాపు. ఆ అమరికలో ఒక్క బాపు తప్ప మిగతావన్నీ అప్పుడప్పుడు మారాయి. కాశిబుగ్గ నేతపనివాళ్ళు వచ్చి గద్దె అంచు మీద కూర్చుంటారు, వానల గురించి మాట్లాడతారు, నూలు చేత్తో పట్టి చూస్తారు, బాగా లేదంటారు, వెళ్ళిపోతారు. మర్నాడు వచ్చి అదే నూలు కొంటారు. బాపు దృష్టిలో వ్యాపారం అంటే అదే.

వానాకాలం మొదట్లో బాపు దుకాణం మెట్టు మీద జారి ఎడమకాలు మోకాలి కింద విరగ్గొట్టుకున్నాడు. సిమెంటు కట్టు వేశారు. దుకాణం చూసుకోవడానికి రఘునాథపల్లి నుంచి మా సారయ్య బావ వచ్చాడు. మా అక్క వరలక్ష్మి భర్త. మంచివాడు. వచ్చిన వారంలోనే గద్దె ముందు ఒక టేబులు, ఒక తిరిగే కుర్చీ వేయించాడు. ఆ కుర్చీలో కూర్చుని అటు తిరుగుతాడు, ఇటు తిరుగుతాడు. ఎదురుగా ఇంకో కుర్చీ లేదు కాబట్టి వచ్చినవాళ్ళు నిలబడే నూలు కొని పోతున్నారు. ఇది అభివృద్ధి అని బావ అంటాడు. ఇది బస్టాండు అని బాపు అంటాడు.

కట్టు విప్పాక లోపలి నుంచి వచ్చిన కాలు మా బాపుది కాదని అమ్మ దవాఖానలోనే వాదించింది. "మా ఆయనకు మంచిగ లావుండె కాలు," అంది డాక్టరుతో. డాక్టరు ఎముక అతుక్కుంది, కండ పోయింది, కసరత్తు చేయించండి అని చెప్పి పక్క మంచానికి పోయాడు. ఆ పోయిన కండను చూసి బావ ఒక మాటన్నాడు: మామ ఇక కింద కూర్చుని లేవలేడు, గద్దె తీసేద్దాం. దానికి బాపు చుట్టాలందరి ముందు ఇంకో మాటన్నాడు.

"దసరా లోపల నా అంతట నేను నేల మీద కూసోని, నా అంతట నేను లేస్తే గద్దె నాది. లేవకపోతే ఆ తిరిగే కుర్చీకే పూజ చేసుకోండ్రి, సారయ్యనే కూసోనియ్యుండ్రి."

దసరా రేపే.

నాకు కరెంటాఫీసులో ఉద్యోగం, నెత్తి మీద ఫ్యాను. అందుచేత గద్దె మీద ఆశ లేదు. దుకాణంలో కూడా ఫ్యానుంటే ఏమయ్యేదో చెప్పలేను.

ఇక పర్దా సంగతి. నా భార్య కమల ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఊళ్ళో సగంమంది పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టిన మనిషి. కానీ మా ఇంట్లో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. ఎందుకు మాట్లాడదు అని అడిగితే అమ్మ, ఎందుకు మాట్లాడాలె అని అడుగుతుంది. అందుకని కమల పర్దా వెనక నిలబడి, సందులోంచి బాపు కాళ్ళ వంక మాత్రం చూస్తూ, కసరత్తు నాతో చెప్పేది. నేను బాపుతో చెప్పేవాణ్ణి.

"మోకాలు వంచకుండ లేపమనుండ్రి."

"బాపూ, మోకాలు వంచకుండ లేపాల్నట."

"ఎంతసేపు ఉంచాల్నో అడుగు."

"ఎంతసేపు ఉంచాల్నట?"

"నొప్పి లేసెదాక కాదు, అలసట వచ్చెదాక."

ఈ లోపల కాలు దానంతట అదే దిగిపోయేది. ఇది పని కాదని కమల స్కూలు విజిల్ తెచ్చింది. ఒక చిన్న విజిల్, లేపు. రెండు, దించు. పొడుగు విజిల్, ఆగు. విజిల్ ఊదడం మాట్లాడ్డం కిందికి వస్తుందా రాదా అని అమ్మ ఒక రోజంతా ఆలోచించి, రాదని తేల్చింది.

అప్పటి నుంచి పని జరిగింది. చీలమండకు నూలు కట్ట కట్టి కాలు లేపించింది. బాపు కాలు లేపుతూనే ఆ నూలు ఏ మిల్లుదో కనుక్కుని తిట్టాడు. తలుపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబెట్టింది, తర్వాత తలుపు వదిలించింది. కుర్చీ మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవమంది. కుర్చీ నుంచి స్టూలు, స్టూలు నుంచి పీట. రోజురోజుకూ బాపును నేలకు దగ్గర చేసింది. పీట మీదినుంచి నిన్న రెండుసార్లు లేచాడు. నేలకు ముందు ఇంకా ఒక పలచ పీట ఉంది. ఇవాళ దాని వంతు.

బాపు ఆ పీటను ఎగ్గొట్టి నేరుగా నేల మీదికి వెళ్ళిపోయాడు.

"పీట మీద కూసుంటె పెండ్లిల కూసున్నట్టున్నది," అన్నాడు కారణం అడిగితే.

పర్దా వెనక నుంచి నిట్టూర్పు వినిపించింది. తర్వాత మాట వినిపించింది, నాకు చెప్పినట్టుగా.

"లేస్తడు. బలమున్నది. నిన్న జూసిన గద. తిన్నగ లేవొద్దనుండ్రి. పక్కకు తిరిగి, రెండు చేతులు నేలకానిచ్చి, మోకాళ్ళ మీదికి రావాలె. మంచికాలు ముందటికి పెట్టి, దాని మీద బరువేసి లేవాలె."

నేను బాపుతో చెప్పాను.

బాపు బండల వంక, తన అరచేతుల వంక చూసుకున్నాడు. "అంటే," అన్నాడు చివరికి, "నాలుగు కాళ్ళ మీద."

"రెండు చేతులు, రెండు మోకాళ్ళు," అంది పర్దా, నాతోనే.

"బర్రె లెక్క."

"పసిపోరలు గూడ గట్లనే లేస్తరు," అంది పర్దా.

"పసిపోరనికి గద్దె లేదు," అన్నాడు బాపు. "నేను బాసింపట్టు మీదికెల్లే లేస్త. యాభై ఏండ్లు గట్లనే లేసిన."

లేవబోయాడు. రెండు చేతులూ గాల్లోకి చాచి ముందుకు వంగాడు. ముఖం ఎర్రబడింది. నడుము ఒక వేలెడు లేచింది. మళ్ళీ బండ మీద కూర్చుంది. అమ్మ 'నారాయణా' అంది. బాపు మాత్రం ఏమీ జరగనట్టు పంచె సర్దుకున్నాడు.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. పక్కింటి రాజేశ్వర్ రావు గారు. కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. చేతిలో బ్రెడ్డు.

"ఎట్లున్నరు సేటూ," అంటూ లోపలికి వచ్చి, బాపును చూసి ఆగిపోయారు.

మా హాల్లో సోఫాసెట్టు ఉంది. కొన్నప్పుడు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ తీయలేదు కాబట్టి దాని మీద ఎవరు కూర్చున్నా జారి కిందికి వస్తారు. కానీ రాజేశ్వర్ రావు గారి ఇబ్బంది అది కాదు. పెద్దమనిషి నేల మీద కూర్చుంటే తాను పైన కూర్చోవడం మర్యాద కాదు. మర్యాద విషయంలో ఆయన చాలా గట్టి. సోఫా అంచు పట్టుకుని, గోడ పట్టుకుని, నా భుజం పట్టుకుని, మూడు విడతలుగా నేల మీదికి దిగారు. దిగాక, తానెక్కడికి వచ్చానో ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టారు.

"మంచిగున్నది ఇక్కడ. సల్లగున్నది," అన్నారు. "నేను కింద కూసోక ఏండ్లయితాంది. మా ఇంట్ల డైనింగ్ టేబుల్ వచ్చినకాడికెల్లి కింద కూసున్నది లేదు."

"నేను గూడ సల్లగుంటదనే కూసున్న," అన్నాడు బాపు.

"ఎప్పుడు లేస్తరు?"

"తొందరేమున్నది?"

రాజేశ్వర్ రావు గారు నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. ఆయన గొంతు తగ్గించి, ఎముకకు మేక కాళ్ళ సూపును మించింది లేదని, వాసన రాకుండా తమ ఇంట్లోనే వండించి టిఫిన్ క్యారియర్లో పంపిస్తానని బాపుకు చెప్పారు. మా ఇంట్లో ఉల్లిగడ్డ కూడా శనివారం నాడు తరగరు. అమ్మ వినలేదనుకున్నారు. అమ్మ విన్నది. ఆయనకు వస్తున్న చాయి దార్లోనే ఆగిపోయింది.

"బాపూ," అన్నాను, "కమల చెప్పినట్టు లేవరాదు. ఎవలు చూస్తాన్నరు ఇక్కడ?"

"ఎవలు చూస్తలేరు? అదే పరేషాన్," అన్నాడు బాపు. "నువ్వే చెప్పు. మోకాళ్ళ మీదికి వస్తె మొకం ఎటు పెట్టాలె?"

ఈ ప్రశ్నకు జవాబు సులువు అనుకున్నాను. కాదు.

పర్దా దిక్కు ముఖం పెట్టి చేతులు నేలకు ఆనిస్తే మామ కోడలికి మొక్కినట్టు అవుతుంది. అది ఆమె ఆయుష్షుకు మంచిది కాదని అమ్మ వెంటనే అడ్డుపడింది. పర్దా దిక్కు వెనక భాగం పెడితే అసలే బాగుండదు. వీధి తలుపు దిక్కు పెడదామంటే దారిన పోయేవాళ్ళంతా చూస్తారు. ఇక మిగిలింది తూర్పు. తూర్పు గోడకు దేవుళ్ళ ఫోటోలున్నాయి. దేవుళ్ళకు మొక్కితే ఎవరూ తప్పు పట్టరు. కానీ అప్పుడు వెనక భాగం రాజేశ్వర్ రావు గారి దిక్కు వస్తుంది.

"నేను జరుగుత," అన్నారు రాజేశ్వర్ రావు గారు.

జరగడానికి ప్రయత్నించారు. జరగలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి," అన్నారు కాస్త ఆయాసపడి. "మీరు లేసేటప్పుడు నేను కండ్లు మూసుకుంట."

బాపు ఆలోచించాడు. ఒప్పుకునేవాడేమో. ఇంతలో బయట రిక్షా ఆగింది.

సారయ్య బావ లోపలికి వచ్చాడు. కొత్త టెర్లిన్ ప్యాంటు, చేతిలో బంతిపూల దండ, ఇంకో చేతిలో పసుపు కుంకుమల సంచి. రేపు దుకాణంలో పూజకు అన్నీ ఇవాళే సిద్ధం చేసుకోవడం బావ పద్ధతి.

"మామా, దండ ఒక్కటే తెచ్చిన," అన్నాడు గడపలోనే. "గద్దెకు వెయ్యాల్నా, కుర్చీకి వెయ్యాల్నా ఇయ్యాలనే చెప్తే..."

అప్పుడు చూశాడు.

చూసి తాను చేయాల్సింది తాను చేశాడు. గభాలున వచ్చి, వంగి, చెయ్యి చాచాడు. బావ మంచివాడని ముందే చెప్పాను.

"వద్దు అల్లుడుగారూ," అన్నాడు బాపు.

"అయ్యో, పట్టుకోండ్రి మామా."

"వద్దంటాన్న గద."

"అల్లునితోని లేపించుకుంటరా, మనకు సిగ్గుశరం లేదా," అంది అమ్మ, చీర కొంగుతో సోఫా కవరు తుడుస్తూ. "మీరు కూసోండ్రి సారయ్యా, పైన కూసోండ్రి."

బావ సోఫా వైపు చూశాడు. కింద మామ, పక్కన పెద్దమనిషి. పైన కూర్చోలేడు. పోనీ నేల మీద కూర్చుందామని వంగాడు. అమ్మ గొల్లుమంది. అల్లుణ్ణి బండల మీద కూర్చోబెట్టారని రఘునాథపల్లిలో తెలిస్తే వియ్యపురాలు ఇంకేమైనా ఉంచుతుందా అని. బావ వంగినవాడు వంగినట్టే లేచి నిలబడ్డాడు. దండ ఎక్కడ పెట్టాలో తెలియక చేతికి తగిలించుకున్నాడు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మా ఇంట్లో అల్లుడు గడప దాటితే మామ లేచి ఎదురు రావాలి. నాకు తెలిసి బాపు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. కట్టులో ఉన్నప్పుడు కూడా మంచం మీదే కాస్త లేచినట్టు చేసేవాడు. ఇప్పుడు అల్లుడు నిలబడి ఉన్నాడు. మామ కింద ఉన్నాడు.

రాజేశ్వర్ రావు గారి బ్రెడ్డు కాగితం ఒకటే గాలికి చప్పుడు చేస్తోంది.

"మామా," అన్నాడు బావ మెల్లగా, "గద్దె లేకపోతే ఏమాయె? కుర్చీల మీరే కూసోండ్రి. నేను పక్కకు నిలబడుత. పెద్దమనిషి ఇంత కష్టపడుడు ఎందుకు?"

ప్రేమగానే అన్నాడు. అదే బాపుకు నచ్చలేదు.

"యాదగిరీ," అన్నాడు బాపు. "తూర్పు ఎటు?"

"ఎదురుంగనే బాపూ. ఫోటోలున్నయి."

"రాజేశ్వర్ రావూ, కండ్లు."

రాజేశ్వర్ రావు గారు కళ్ళు మూసుకున్నారు.

బాపు పక్కకు ఒరిగాడు. కుడి అరచేయి బండకు ఆనించాడు. ఎడమ అరచేయి ఆనించాడు. ఒక్కో మోకాలూ లాక్కుని వాటి మీదికి వచ్చాడు. మా బాపును ఆ భంగిమలో నేను ఎన్నడూ చూడలేదు. కానీ నిజం చెప్పాలంటే, ఎంత బలంగా ఉన్నాడో అప్పుడే తెలిసింది. చేతులు వణకలేదు. నడుము వంగలేదు. చౌరస్తాలో లారీ నుంచి నూలు బేళ్ళు దించిన రోజుల భుజాలవి. బావ కూడా చూస్తూ ఉండిపోయాడు. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది.

పర్దా వెనక నుంచి చిన్న విజిల్. లేపు.

బాపు కాలు ముందుకు తెచ్చాడు.

ఎడమకాలు.

పొడుగు విజిల్.

బాపు ఆగాడు. ఎందుకు ఆగమన్నారో తెలియదు. కాలు లేపు, దించు, ఆగు. ఈ మూడే ఉన్నాయి. ఆ కాలు కాదు అనడానికి మేం విజిల్ పెట్టుకోలేదు. ఒక కాలు ముందు, ఒక మోకాలు వెనక, రెండు చేతులు నేల మీద పెట్టుకుని బాపు అలాగే ఉన్నాడు. ఎడమకాలు మెల్లగా వణకడం మొదలుపెట్టింది.

"ఏమాయె?" అన్నాడు దేవుళ్ళ వైపు చూస్తూ. "యాదగిరీ, ఏందట?"

నేను పర్దా వైపు తిరిగాను. "ఏందట?"

ఇంకో పొడుగు విజిల్. బాపు మోకాలు బండ మీద కొంచెం జారింది. బావ చేతులు ముందుకు వచ్చాయి. ఆ చేతులు తగిలితే గద్దె పోయినట్టే.

అప్పుడు పర్దా పక్కకు జరిగింది.

కమల హాల్లోకి వచ్చింది. తల మీద కొంగు ఉంది, మెడలో విజిల్ ఉంది. పదడుగుల దూరంలో నిలబడి, స్కూల్లో చివరి వరసకు వినపడే గొంతుతో మాట్లాడింది.

"మామా. ఆ కాలు కాదు. వెనకకు తీసుకోండ్రి. కుడికాలు ముందటికి పెట్టుండ్రి. చెయ్యి మోకాలి మీద ఒత్తుండ్రి. తల పైకి. ఇగ లేవుండ్రి."

మా పెళ్ళయిన తర్వాత మామతో కోడలు మాట్లాడిన మొదటి మాటలు ఇవి. పాఠకులు నవ్వుకోవచ్చు. మా హాల్లో ఎవరూ నవ్వలేదు. అమ్మ కొంగు నోట్లోంచి జారిపోయింది. బావ దండతో సహా అటు తిరిగాడు. రాజేశ్వర్ రావు గారు కొత్త గొంతు విని కళ్ళు తెరిచి అటే చూశారు. నేను కూడా అటే చూశాను. రోజూ నన్ను ఉప్పు డబ్బా అందుకోమనే మనిషే. కానీ అలా నిలబడి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఎండలో వరస కట్టిన ఆ పిల్లలంతా మారు మాట్లాడకుండా ఎందుకు కదులుతారో అప్పుడు తెలిసింది. చూస్తూ ఉండిపోయాను. ఆమె కూడా ఒక్క క్షణం నా వైపు చూసి, మళ్ళీ బాపు వైపు చూసింది.

"రాండ్రి అల్లుడుగారూ. ఇప్పుడేనా వచ్చుడు?"

ఆ గొంతు మా తలల ఎత్తు నుంచి వచ్చింది.

అందరం తిరిగాం. బాపు నిలబడి ఉన్నాడు. హాలు మధ్యలో, దేన్నీ పట్టుకోకుండా, రెండు కాళ్ళ మీద, పంచె కుచ్చిళ్ళు కూడా సర్దుకుని నిలబడి ఉన్నాడు.

"లేసిన," అన్నాడు.

అమ్మ ఏడ్చింది. రాజేశ్వర్ రావు గారు చప్పట్లు కొట్టారు, కింది నుంచే. బావ కూడా సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు. అంతా అయ్యాక చేతికున్న దండ చూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మామా, ఏమనుకోకుండ్రి. ఎట్ల లేసిండ్రు?"

"నా అంతట నేను."

"ఎవలన్న జర చెయ్యి..."

"ఎవలు చెయ్యి? మీరు పెట్టిండ్రా?"

"నేను పెట్టలే."

"మరింకేంది?"

"నేను జూడలే మామా," అన్నాడు బావ, చాలా బాధగా. "నేను కమల చెల్లె దిక్కు చూస్తాన్న. సోఫా పట్టుకున్నరో, గోడ పట్టుకున్నరో నాకెట్ల ఎరుక? రేపు దుకాణంల నలుగురు అడుగుతరు. వరలక్ష్మి ముందుగాల అడుగుతది. నేనేం చెప్పాలె?"

బాపు రాజేశ్వర్ రావు గారి వైపు చూశాడు.

"మీరు మూసుకొమ్మన్నరు, నేను మూసుకున్న," అన్నారాయన. "తెరిచినంక ఆమె దిక్కే చూసిన. రైల్వేల ఉన్ననాడు గూడ, చూడందానికి నేను దస్కత్ పెట్టలే."

బాపు అమ్మ వైపు చూశాడు.

"కోడలు మామతోని మాట్లాడుతాంటే మొగుణ్ణి ఎవలు చూస్తరు?" అంది అమ్మ. ఏడుపు ఆపి, కోపం మొదలుపెట్టింది. "ఆ సంగతి తర్వాత మాట్లాడుత."

"నేను జూసిన," అంది కమల. "ఏది పట్టుకోలే. కుడికాలి మీద బరువేసి, చెయ్యి మోకాలికి ఒత్తి లేసిండు. మంచిగ లేసిండు."

"నువ్వెట్ల చూస్తవు?" అంది అమ్మ. "మామను ఎదురుంగ చూసుడేంది?"

"చెల్లె మాట తప్పనుకాదు," అన్నాడు బావ. "కాని నేర్పినామె, పాసైండని తనే చెప్తె..."

"అట్లయితే మళ్ళొకసారి కూసోని లేవరాదుండ్రి," అన్నారు రాజేశ్వర్ రావు గారు కింది నుంచి. "ఈసారి అందరం చూస్తం."

"ఇయ్యాల వద్దు," అంది కమల. "కాలు అలిసింది. మళ్ళ కూసుంటె దెబ్బ తగుల్తది. రెండు రోజులు ఆగాలె."

"నేనేమన్న సర్కస్‌ల ఉన్ననా, మళ్ళమళ్ళ చేసి చూపెట్టనీకి," అన్నాడు బాపు. "లేస్త అన్న, లేసిన. ఇంట్ల ఇంతమంది ఉండి ఒక్కరు చూడకపోతే నా తప్పా?" అప్పుడు నా వైపు తిరిగాడు. ముఖంలో సందేహమనేదే లేదు. "వీడు చూసిండు. నా పక్కకే ఉన్నడు. యాదగిరీ, మీ బావకు చెప్పు."

బావ నా వైపు చూశాడు. దండ సర్దుకున్నాడు.

అమ్మ చూసింది. రాజేశ్వర్ రావు గారు చూశారు. కమల కూడా చూసింది. ఆ క్షణంలో నేను ఎటు చూస్తున్నానో ఈ ప్రపంచంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

"నీళ్ళు తాగొస్త," అని చెప్పి వంటింట్లోకి వచ్చాను. ప్రస్తుతం పర్దా వెనక ఉన్నాను.

అయ్యా, అమ్మా, ఈ కథ చదువుతున్న పెద్దలందరికీ దండం పెట్టి అడుగుతున్నాను. నేనేం చెయ్యాలి? చూశానంటే గద్దె బాపుది. కానీ బావ ఊరుకోడు, ముందు ఏ చెయ్యి ఎత్తిండు, ఏ మోకాలు లేసింది అని అడుగుతాడు. కమల చెప్పిందే చెప్పాలి. అది అబద్ధమని కమలకు తెలుసు. పైగా, తను మొదటిసారి నోరు తెరిచిన నిమిషంలో నేను తన వైపు చూడనే లేదని నలుగురిలో చెప్పినట్టవుతుంది. చూడలేదంటే దండ కుర్చీకి పోతుంది. ఎందుకు చూడలేదురా అని బాపు అడుగుతాడు. అమ్మ ముందు, బాపు ముందు, బావ ముందు, నా భార్యను చూస్తున్నాను అని మా ఇంట్లో ఇంతవరకు ఏ మగాడూ చెప్పలేదు. చెప్పి బతికినవాడు నాకు తెలియదు.

ఈ పత్రిక మీ చేతికి అందేసరికి దసరా దాటిపోతుందని నాకూ తెలుసు. అయినా మీలో ఇల్లు, పెళ్ళాం, దుకాణమున్న తండ్రి, మర్యాదస్తుడైన బావ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే దయచేసి ఒక్క ముక్క రాయండి. తొందరగా రాయండి. బాపు కూర్చోమంటే కూర్చోవడం లేదు. నేనొచ్చి చెప్పేదాకా నిలబడే ఉంటానంటున్నాడు. ఎడమకాలు మళ్ళీ వణుకుతోందని కమల ఇప్పుడే వచ్చి చెప్పి వెళ్ళింది. ఎవరూ పట్టుకోవడానికి వీల్లేదట.